ఎగ్మోరులో నాలుగు రోజులు, వలలో ఒక చిరుగు

మొదటి రోజు

అరక్కోణం దాటాక ఎవరికీ నిద్ర పట్టలేదు. చీకట్లోనే లేచి కూర్చున్నాం. పెరంబూరు దగ్గర బండి నెమ్మదించి ఆగిపోతే, రైట్ ఇన్ కిటికీకి నుదురు ఆనించి బయటికి చూసి, "అప్పుడు గూడా ఈడనే ఆపినాడప్పా" అన్నాడు. అతను చెప్పేది నలభై ఐదేళ్ళ కిందటి సంగతి.

ఆరుగురం వచ్చాం. అందరికీ అరవై ఐదు దాటాయి. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ హాకీ జట్టులో కలిసి ఆడినవాళ్ళం. ఇన్నేళ్ళయినా మాలో మేం పేర్లు పెట్టి పిలుచుకోం, ఆడిన చోటే పేరు. రైట్ ఇన్, లెఫ్ట్ అవుట్, రైట్ బ్యాక్, లెఫ్ట్ బ్యాక్, లెఫ్ట్ హాఫ్. నేను సెంటర్ హాఫ్‌ని. ఆ ఏడు కెప్టెన్‌ని కూడా నేనే. మా సెంటర్ ఫార్వర్డ్ 2021లో కరోనాకి పోయాడు. అతని స్టిక్కుని వాళ్ళావిడ పాత చీర ముక్కలో చుట్టి, "ఇది గూడా మీతో రానీన్నా" అని రాత్రి తాడిపత్రి స్టేషనుకి తెచ్చి ఇచ్చింది. పై బెర్తు మీద పడుకుని వచ్చిందది.

1979 డిసెంబరులో మేం మద్రాసు వచ్చింది ఇంజనీరింగ్ కాలేజీల పోటీకి. ఇక్కడి కాలేజీ ఒకటి ఏటా నడిపేది. అప్పుడు అనంతపురం నుంచి గుంతకల్లు దాకా మీటర్‌గేజి బండి. గుంతకల్లులో దిగి, చలికి దుప్పట్లు కప్పుకుని బొంబాయి నుంచి వచ్చే బండి కోసం కాచుకున్నాం. పద్నాలుగు మందిమి, పదకొండు స్టిక్కులు, గోలు కాసే గోలీకి ఒకే ఒక్క జత ప్యాడ్లు. ఆ ప్యాడ్లు కూడా కాలేజీవి కావు. గుంతకల్లు రైల్వే కాలనీలో ఎవరినో అడిగి మా గోలీ తెచ్చుకున్నాడు. పోతే మళ్ళీ దొరకవని పైన పెట్టకుండా, రాత్రంతా మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టుకుని మద్రాసు చేరాం.

మా గోలీ గురించి కొంచెం చెప్పాలి. ఆంగ్లో ఇండియన్. వాళ్ళ నాన్న ఇంజన్ డ్రైవరు. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో మాకంటే చిక్కని గుంతకల్లు తెలుగు. మా పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి కబడ్డీ తెలుసు, చిల్లంగోడు తెలుసు. హాకీ అంటే రైల్వే కాలనీల ఆట. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మన దేశానికి మొదటి హాకీ స్వర్ణం తెచ్చిన జట్టులో సగానికి పైగా ఆంగ్లో ఇండియన్లే. ఆ జట్టు గోలీ రిచర్డ్ అలెన్ ఆ ఒలింపిక్స్ మొత్తంలో ఒక్క గోలు కూడా పడనివ్వలేదు. మావాడు తన హాస్టల్ గది తలుపు వెనక సుద్దముక్కతో "అలెన్ – 0" అని రాసుకున్నాడు. రోజూ గ్రౌండుకి పోయే ముందు ఆ సున్నాని వేలితో తట్టి పోయేవాడు.

సెంట్రల్‌లో దిగి, ఎగ్మోరు స్టేషను దగ్గర కెన్నెట్ లేన్‌లో లాడ్జి తీసుకున్నాం. పొంగలి, వడ, ఇత్తడి డబరాలో కాఫీ. మధ్యాహ్నమంతా నిద్రపోయాం. వయసు తెలుస్తోంది.

సాయంత్రం మీనంబాకం విమానాశ్రయానికి పోయాం. ఈ ప్రయాణానికి అసలు కారణం అక్కడ దిగబోతోంది. పెర్త్ నుంచి సింగపూరు మీదుగా మా గోలీ వస్తున్నాడు. నేనతన్ని 1981 తర్వాత చూడలేదు.

బయటికొచ్చేవాళ్ళలో అతన్ని మొదట గుర్తుపట్టింది లెఫ్ట్ హాఫ్. జుట్టంతా తెల్లబడింది, మోకాళ్ళు కొంచెం బయటికి వంగాయి, కానీ రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టి నడిచే ఆ గోలీ నడక అట్లాగే ఉంది. కటకటాల దగ్గరికి రాకముందే అరిచాడు: "ఉగ్గాని తెచ్చినారా?"

ఉగ్గాని రాత్రి ప్రయాణానికి నిలవదు కదా. రైట్ బ్యాక్ వాళ్ళింటి నుంచి ఓళిగలు, వేయించిన చెనక్కాయలు తెచ్చాడు. అవి అక్కడే విప్పుకుని తిన్నాడు. అందరినీ ఒక్కొక్కరిగా కావలించుకున్నాడు, నన్ను కూడా. నా మనసులో ఉన్నది మాత్రం ఆ గోలలో చెప్పేది కాదు.

రాత్రి పడుకున్నాక ఆ 1979 మ్యాచ్ మళ్ళీ మొదటినుంచీ కళ్ళ ముందు నడిచింది. సెమీఫైనల్. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుంది, రెండు వైపులా గోలు లేదు. వాళ్ళ రైట్ అవుట్ బంతిని అంచు వెంబడి తీసుకుపోయి, దాదాపు గోలు గీత మీదికి వచ్చేశాక కొట్టాడు. అంత ఇరుకులోంచి బంతి లోపలికి పోయే దారే లేదు. మా గోలీ ఆ వైపు పోస్టుని ఆనుకునే ఉన్నాడు. అయినా బంతి వలలో ఉంది. అంపైరు ఈల వేసి సెంటర్ వైపు చెయ్యి చాపాడు.

గోలీ పరిగెత్తుకొచ్చాడు. పక్క వల చిరిగి ఉంది, బంతి బయటినుంచి ఆ చిరుగులో దూరింది, ఒక్కసారి వచ్చి చూడండి సార్ అని బతిమాలాడు. అంపైరు కదల్లేదు. అప్పుడు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పప్పా, కెప్టెన్‌వి గదా" అన్నాడు. నేను చిరుగు చూడలేదు. చూడ్డానికి పోనూ లేదు. నాలుగు నిమిషాల్లో సమం చెయ్యాలన్న తొందర ఒక్కటే నాకు. "కాళ్ళ మధ్య నుంచి వదిలేసి ఇప్పుడు వల మీదికి నెట్తావా? పో, పోయి నిలబడు" అన్నాను. జట్టంతా విన్నది.

ఓడిపోయాం. అతను ఆ తర్వాత ఏడాదిన్నర మాతోనే చదివాడు, ఆడాడు, నాతో మాట్లాడాడు కూడా. తలుపు వెనక "అలెన్ – 0" మాత్రం చెరిపేశాడు.

రెండో రోజు

పొద్దున గిండీ పోయాం. అది లెఫ్ట్ బ్యాక్ పట్టుదల. అతను సివిలు, రిటైరయ్యేదాకా వంతెనలు కట్టాడు. "మన కాలేజీ పుట్టిల్లు చూడకుండా మద్రాసు నుంచి ఎట్ల పోతాం?" అంటాడు.

అతను అన్నది నిజం. మా కాలేజీ అనంతపురంలో పుట్టలేదు. 1946లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో మొదలైంది. అప్పటికి మా జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలోవే. రెండేళ్ళకి, 1948లో, అనంతపురానికి తరలించారు. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీలో కలిసింది. గిండీ కాలేజీ కథ ఇంకా పాతది. 1794లో కుంపిణీ వాళ్ళు పెట్టిన సర్వే బడి అది. భూమి కొలవడం నేర్పే ఆ బడి పెరిగి పెద్దదై, నూరేళ్ళు దాటాక ఈ గిండీ చోటికి వచ్చింది.

గేటు దగ్గర సంగతి చెప్తే కావలి ఆయన లోపలికి పంపాడు. ఎర్ర కట్టడం ముందు లెఫ్ట్ బ్యాక్ చాలాసేపు నిలబడ్డాడు. ఇటుక మీద అరచెయ్యి పెట్టి, "మన మొదటి బ్యాచి వాళ్ళు ఈ వరండాలోనే తిరిగింటారు గదా" అన్నాడు. మాకు పాఠాలు చెప్పిన పెద్ద మేష్టర్లలో కొందరు ఇక్కడ చదివినవాళ్ళే. ఆ చెట్ల నీడలో నుంచి తెచ్చి ఆ మొదటి బ్యాచి పిల్లల్ని మా ఎర్రటి గరుసు నేలలో దించితే ఎట్లా ఓర్చుకున్నారో అనిపించింది నాకు. అనంతపురంలో మా హాకీ గ్రౌండు అంటే రాళ్ళు ఏరేసిన గరుసు నేల. బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలీదు. అందుకే మాకు బంతిని స్టిక్కుకి అంటించుకుని నడపడం బాగా వచ్చింది, పొడుగు పాసులు ఎప్పటికీ రాలేదు.

మధ్యాహ్నం మైలాపూరులో భోజనం, కపాలీశ్వరుడి దర్శనం.

రాత్రి లాడ్జి గదిలో టీవీలో హాకీ లీగు వస్తోంది. హైదరాబాద్ తూఫాన్స్ ఆడుతున్నారు. ఏడుగురం రెండు మంచాల మీద సర్దుకుని చూశాం. నీలం టర్ఫు, పసుపుపచ్చ బంతి, పదిహేను నిమిషాల చొప్పున నాలుగు ముక్కల ఆట. మేం ఆడినప్పుడు ముప్పై ఐదేసి నిమిషాల రెండు సగాలు. ఆఫ్‌సైడు ఉండేది. అదిప్పుడు లేదు. పెనాల్టీ కార్నరుకి బంతిని చేత్తో ఆపనిచ్చేవాళ్ళు. ఆపేది మా లెఫ్ట్ హాఫ్. అతని ఎడమ చూపుడువేలు ఇప్పటికీ సరిగ్గా వంగదు.

ఆట అయ్యాక కబుర్లు పరదేశాల మీదికి పోయాయి. రైట్ ఇన్‌ది హిందూపురం. తొంభైల్లో నైరోబీలో నాలుగేళ్ళు కరెంటు పనులు చేశాడు. ఒకరోజు కారు చెడిపోయి గ్యారేజీకి తోసుకుపోతే, అక్కడి గోడ మీద పాత హాకీ జట్టు ఫోటో. 1971లో బార్సిలోనాలో జరిగిన మొదటి ప్రపంచ కప్పులో కెన్యా నాలుగో స్థానం తెచ్చుకుంది, మూడో స్థానం కోసం ఇండియాతో ఆడి 2–1తో ఓడింది. ఆ జట్టు ఫోటో అది. గ్యారేజీ సర్దార్జీ ముసలాయన. తను ఆ జట్టులో లేడు గానీ క్లబ్బుల్లో జీవితమంతా ఆడాడట. మావాడు నేనూ రైట్ ఇన్ అనగానే కారు సంగతి పక్కన పెట్టి, లోపలికి పిలిచి పరాఠాలు పెట్టించాడు. గోడకి ఆనించిన తన స్టిక్కు చూపించి, జలంధర్ నుంచి తెప్పించాను, మల్బరీ కర్ర అన్నాడు.

"మా అమ్మ మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులకు ఏసేది," అన్నాడట మావాడు. "మా ఊర్లో ఆ చెట్టు పట్టుచీర అవుతుంది."

సర్దార్జీకి ఆ సంగతి కొత్త. ఆ స్టిక్కు చేతిలోకి తీసుకుని కొత్తగా చూస్తున్నట్టు చూశాడట. కారుకి డబ్బులు తీసుకోలేదు. ఆదివారం సిటీ పార్కు హాకీ గ్రౌండుకి తనే తీసుకుపోయాడు.

గోలీ దొరికిన కథ లెఫ్ట్ అవుట్ చెప్పాలి. మేమందరం విన్నదే, అయినా మళ్ళీ చెప్పించాం. 2011లో అతను కూతురి దగ్గరికి పెర్త్ పోయాడు. శనివారం పొద్దున మనవరాలిని హాకీ నేర్పే చోటికి తీసుకుపోయారు. పెర్త్‌లో హాకీ అంటే మన ఆంగ్లో ఇండియన్ల చెయ్యి చాలా ఉంది. జబల్‌పూర్ నుంచి వెళ్ళిన పియర్స్ అన్నదమ్ములు ఐదుగురూ ఆస్ట్రేలియా జట్టుకి ఆడారు. అక్కడొక ముసలాయన చిన్న పిల్లలకి గోలు కాయడం నేర్పుతున్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు బంతిని వదిలేస్తే, ఆయన నోట్లోంచి, "అబ్బా, కాలు పెట్టప్పా!" అని వచ్చింది.

"నా చేతిలో కాఫీ కప్పు కింద పడిపాయె" అంటాడు లెఫ్ట్ అవుట్. "పెర్త్‌లో 'కాలు పెట్టప్పా' అనేటోడు ఇంకెవడుంటాడు?"

గోలీ తల వంచుకుని నవ్వాడు. "కోపం వస్తే నాకు గుంతకల్లు మాటే వస్తాది. నా పెండ్లాం కూడా నేర్చుకునింది."

నా వంతు వచ్చినప్పుడు, అలసటగా ఉందన్నాను. నా కథ రేపు చెప్పాలి. దాన్ని చెప్పాల్సిన ఇంకో మనిషి కూడా ఉన్నాడు.

కానీ చదివేవాళ్ళకి ఇక్కడే చెప్తాను. నేను విద్యుత్ కేంద్రాల పని మీద కౌలాలంపూర్‌లో ఉండగా, 2002లో, బుకిట్ జలీల్‌లో హాకీ ప్రపంచ కప్పు జరిగింది. పదహారు జట్లు. మనవాళ్ళు పదో స్థానంతో సరిపెట్టుకున్నారు. ఒకరోజు మన మ్యాచ్‌కి పోతే, పక్క సీట్లో నా వయసాయన. తమిళంలో ఫోన్ మాట్లాడుతున్నాడు. పెట్టేశాక నన్ను చూసి, "ఆంధ్రానాండి?" అన్నాడు. పురసవాక్కం మనిషి. ఇంట్లో తెలుగే, చదవను మాత్రం రాదన్నాడు. హాకీ చూడటానికి సెలవు పెట్టి వచ్చాడట. సగం ఆటలో తే తారిక్ తాగుతూ, మీరూ ఆడేవారా అని ఒకరినొకరు అడిగాం. అనంతపురం, 1979, మద్రాసులో సెమీఫైనల్ అన్నాను.

గ్లాసు పక్కన పెట్టేశాడు. చాలాసేపు గ్రౌండు వైపే చూశాడు. "ఆ బంతి కొట్టింది నేనేనండి" అన్నాడు. "అది గోలు కాదు. బంతి తెచ్చుకోడానికి పోయినప్పుడు వల చూసినా. చెయ్యి దూరేంత చిరుగు. చెప్పలేదు."

రెండో సగం ఎవరు ఎట్లా ఆడారో నాకు గుర్తు లేదు. మర్నాడు ఆయనే నన్ను మెర్దేకా స్టేడియానికి తీసుకుపోయాడు. 1975 ప్రపంచ కప్పు ఫైనల్లో పాకిస్తాన్ మీద మనం 2–1తో గెలిచింది అక్కడే. గెలిపించిన గోలు ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్‌ది. బంతి లోపలి మూలకి తగిలి తిరిగి బయటికొచ్చేసింది. గోలు కాదని పాకిస్తాన్ వాళ్ళు ఎంత వాదించినా అంపైరు ఇచ్చాడు. ఆ ఖాళీ మెట్ల మీద కూర్చుని ఆయనన్నాడు: "అది నిజం గోలండి. అంపైరు సరిగ్గా చూసినాడు. మాది చూడలేదు, నేను చూపించలేదు."

అప్పటినుంచి ఆయన నాకు ఆప్తుడు. మా జట్టంతా ఆయన్ని మద్రాసాయన అంటారు. ఈ ప్రయాణం ఆయన పిలుపు మీదే. గోలీ ఫోన్ నంబరు నాకు 2011లోనే దొరికింది. ఏడాదికి నాలుగుసార్లు మాట్లాడేవాణ్ణి. ఈ ఒక్క సంగతి ఎత్తలేకపోయాను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట అని వాయిదా వేస్తూ వచ్చాను.

మూడో రోజు

ఎగ్మోరులోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియానికి పొద్దున్నే నడిచి పోయాం. మద్రాసాయన ముందే మాట్లాడి పెట్టడంతో లోపలికి రానిచ్చారు. 1996లో చాంపియన్స్ ట్రోఫీ జరిగింది ఇక్కడే, 2005లో మళ్ళీ వచ్చింది. 2007 ఆసియా కప్పు ఫైనల్లో మనవాళ్ళు కొరియా మీద 7–2తో గెలిచారు. 2023 ఆగస్టులో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో మలేసియా మీద 4–3. ఆ చివరి మ్యాచ్‌కి మద్రాసాయన ఇక్కడే ఉన్నాడు. సగం ఆటకి మనం 1–3తో వెనకబడి ఉన్నాం, అక్కడినుంచి గెలిచిన తీరుని చేతులతో ఆడి చూపించాడు. 1980లో మాస్కోలో స్పెయిన్ మీద 4–3తో స్వర్ణం గెలిచిన జట్టు కెప్టెన్ వాసుదేవన్ భాస్కరన్‌ది ఈ ఊరే. ఆ రాత్రి హాస్టల్ మెస్సులో రేడియో చుట్టూ మేం నిలబడ్డ తీరు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

టర్ఫు మీద నీళ్ళు చల్లుతున్నారు. తడి ఆరితే బంతి పరుగు మారుతుంది, పడితే చర్మం లేస్తుంది, అందుకని. లెఫ్ట్ హాఫ్ ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయాడు. "బకెట్ నీళ్ళకి మనం హాస్టల్లో వరసలో నిలబడ్న్యాం" అన్నాడు. టర్ఫు రావడంతో మనం ఎట్లా వెనకబడ్డామో ఆ వరసే చెప్తుంది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫు మీద ఆడించారు, మనం ఏడో స్థానంలో మిగిలాం. మా తరం పిల్లలు టర్ఫు మీద కాలు పెట్టకుండానే చదువులు ముగించారు. ప్రతిభ లేక కాదు, నేల లేక.

ఆడపిల్లలు సాధన చేస్తున్నారు. గోలు ముందు ఒక అమ్మాయి. హెల్మెట్, ఛాతీకి కవచం, కాళ్ళకి మందపాటి నురగ ప్యాడ్లు. మా గోలీకి ముఖానికి ఏ అడ్డమూ ఉండేది కాదు. వెదురు బద్దల మీద దూది కుట్టిన ప్యాడ్లు, చేతులకి పాత గ్లవ్స్, అంతే. అతను వాళ్ళ కోచ్‌ని అడిగి ఆ అమ్మాయి దగ్గరికి పోయాడు. ఎడమ కాలు ముందుకి పెట్టాక బరువు వెనక్కి వదలొద్దని చూపించాడు. తమిళం రాదు, చేతులతోనే చెప్పాడు. ఆ అమ్మాయి రెండుసార్లు చేసి చూపించి నవ్వింది. చిత్తూరు జిల్లా పల్లె నుంచి పోయి మన దేశపు గోలు కాసిన రజని ఇతిమరపు గురించి రైట్ బ్యాక్ చెప్తుంటే, ఆ అమ్మాయికి ఆమె పేరు ముందే తెలుసు.

మధ్యాహ్నం పురసవాక్కంలో మద్రాసాయన ఇల్లు. వాళ్ళావిడ అరిటాకులు వేసి వడ్డించింది. మునక్కాయ సాంబారు, వంకాయ కూర, అప్పడాలు, సేమ్యా పాయసం. రైట్ ఇన్ గోంగూర సీసా బయటికి తీశాడు. ఆమె "మా అమ్మమ్మ చేసేది" అంటూ వేలితో రుచి చూసి మొదటి ముద్ద తనే కలుపుకుంది.

తర్వాత 1979లో మేం ఆడిన ఆ గ్రౌండుకి పోయాం. సగం మేర కట్టడాలు లేచాయి. మిగిలిన సగంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. హాకీ పోస్టులు లేవు. అయినా మద్రాసాయన గోడ, వేపచెట్టు చూసి, అడుగులు లెక్కపెట్టి ఒకచోట ఆగాడు. "ఇక్కడండి గోలు."

గోలీ పోయి అక్కడ నిలబడ్డాడు. మేం ఎవరం మాట్లాడలేదు.

మద్రాసాయన అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "అది గోలు కాదు. నేను చూసినా. ఆ రోజే చెప్పి ఉండాల. మీకు ఎదురుగా నిలబడి చెప్పాలనే పిలిచినా."

"నీకప్పుడు ఇరవై ఏండ్లు" అన్నాడు గోలీ. "అంపైరు ఇచ్చిన గోలు నువ్వు కాదంటే నీ జట్టువాళ్ళు నిన్ను బతకనిచ్చేవాళ్ళా? నీ మీద నాకేం లేదు. ఇంత దూరం గుర్తు పెట్టుకున్నావు, చాలు."

అప్పుడు నేను మాట్లాడాను. ఏం మాట్లాడాలో ఇన్నేళ్ళుగా అనుకుంటూ ఉన్నది అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. "నేను వచ్చి వల చూసి ఉండాల్సింది. చూడకుండా అందరి ముందరా నిన్ను అన్న్యాను. నీ మాట నమ్మి ఉండాల్సింది. నన్ను క్షమించప్పా" అన్నాను. గొంతు నిలవలేదు.

అతను వెంటనే ఏమీ అనలేదు. వంగి నేల మీద చిన్న రాయి ఒకటి ఏరి పక్కకి వేశాడు, ప్రతి ఆట ముందూ వేసినట్టే.

"అది గోలు కాదని నాకు ఇంకొకరు చెప్పేదేముంది? నేను ఆ వల పక్కనే ఉన్నా గదా. నువ్వు ఆడ అరిచిన మాట కూడా ఆటలో పోయింది. ఆటలో అందరూ అరుస్తారు. నాకు ఉండిపోయింది వేరే." కొంచెంసేపు ఆగాడు. "వచ్చేటప్పుడు ప్యాడ్లు మన ఇద్దరి మధ్య పెట్టుకుని వచ్చినాం. తిరిగి పోయేటప్పుడు నువ్వు అవతలి పెట్టెలోకి పోయి కూసున్నావు. గుంతకల్లు దాకా నా పక్కన ప్యాడ్లే ఉన్న్యాయి."

ఆ సంగతి నాకు నిజంగానే గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. లెఫ్ట్ అవుట్ వైపు చూస్తే అతను తలూపాడు. అతనికి గుర్తుంది. ఇన్నేళ్ళూ వల గురించి బాధపడుతూ, నేను చేసిన అసలు పని నాకే తెలియకుండా ఉన్నాను.

వేపచెట్టు కింద చాలాసేపు కూర్చున్నాం. క్రికెట్ బంతి మా వైపు దొర్లుకుంటూ వస్తే గోలీ కూర్చున్నచోటి నుంచే కాలు అడ్డం పెట్టి ఆపాడు. పిల్లలు "థాంక్స్ తాతా" అని తీసుకుపోయారు.

నాలుగో రోజు

తెల్లవారుజామున మెరీనా. సూర్యోదయం మబ్బు చాటునే అయిపోయింది. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం చూశాం. 1952లో ఆ మహానుభావుడు ప్రాణం విడిచింది ఈ మైలాపూరు వైపే. గోలీ బూట్లు విప్పి లోపలికొచ్చి, పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. వాళ్ళ నాన్న ఆ గొడవల రోజుల్లో బళ్ళు నడపలేక ఏ స్టేషన్లోనో చిక్కుకుపోయిన కథ చిన్నప్పుడు చెప్పేవాడట.

మధ్యాహ్నం సామాన్లు సర్దుకున్నాం. మద్రాసాయన స్టేషనుకి వచ్చి అందరికీ తలా ఒక మల్లెపూల పొట్లం ఇచ్చాడు, ఇళ్ళల్లో ఆడవాళ్ళకి. గోలీకి రెండు ఇచ్చాడు. ఒకటి గుంతకల్లులో వాళ్ళ అమ్మానాన్నల సమాధి మీద పెట్టడానికి. అతను మాతో బండెక్కేది అందుకే. పొద్దున గుంతకల్లులో దిగగానే ముందు ఉగ్గాని బజ్జి తిని, తర్వాత శ్మశానానికి పోదామని రాత్రే నిర్ణయమైంది. అందరం వెళ్తున్నాం.

మా ఆరు టిక్కెట్లూ ఒకే పెట్టెలో ఉన్నాయి. గోలీది ఆలస్యంగా తీసుకోవడంతో రెండు పెట్టెల అవతల పడింది. బండి కదలకముందే నేను అటు పోయాను. అతని ఎదుటి కింది బెర్తు కడప పోయే కుర్రాడిది. సంగతంతా చెప్పలేదు. "బాబూ, ఈయన పక్కన నేను కూర్చుని పోవాల, నా బెర్తు కూడా కిందిదే" అన్నాను. నా ముఖంలో ఏం చూశాడో, ఇంకో మాట అడక్కుండా బ్యాగు తీసుకుని లేచాడు.

సెంటర్ ఫార్వర్డ్ స్టిక్కు నా చేతిలోనే ఉంది. గోలీ దాన్ని తీసుకుని, చీర ముక్క సరిచేసి, సీటు మీద మా ఇద్దరి మధ్యా పెట్టాడు. బేసిన్ బ్రిడ్జి దాటుతుంటే చెనక్కాయల పొట్లం విప్పి, స్టిక్కు మీదుగా నా వైపు చాపాడు.